తెచ్చిపెట్టేవాడు పూచీదారు కాడు: క్యూబ్‌సీటీఎల్ ప్లగిన్ల నిర్వహణపై బహిరంగ లేఖ

రెడ్‌మండ్‌లోనూ హైదరాబాద్‌లోనూ కుబెర్నెటిస్ క్లస్టర్లను నడిపే ప్లాట్‌ఫారం ఇంజినీరింగ్ బృందాల బాధ్యులకు,

విషయం: క్యూబ్‌సీటీఎల్ ప్లగిన్ల ఎంపిక, స్థాపన, వెర్షన్, తొలగింపు బృందం బాధ్యతగా ఉండవలసిన అవసరం.

క్యూబ్‌సీటీఎల్ కుబెర్నెటిస్ క్లస్టర్‌తో మాట్లాడే కమాండ్ లైన్ పనిముట్టు. కొందరు దాన్ని క్యూబ్ కంట్రోల్ అంటారు, కొందరు క్యూబ్ కడిల్ అంటారు. ఎలా పలికినా పని ఒకటే. ఇంజినీరు టైపు చేసిన ఆదేశాన్ని అభ్యర్థనగా మార్చి క్లస్టర్‌లోని ఏపీఐ సర్వర్‌కు పంపుతుంది, వచ్చిన జవాబును తెర మీద చూపిస్తుంది. ఏ క్లస్టర్‌కు వెళ్లాలి, ఎవరి పేరుతో వెళ్లాలి, తానెవరో ఎలా రుజువు చేసుకోవాలి అన్న మూడు సంగతులూ ఇంజినీరు హోం డైరెక్టరీలోని క్యూబ్‌కాన్ఫిగ్ ఫైల్లో ఉంటాయి. ఒక్కమాటలో ఆ ఫైలు తాళాల గుత్తి. ప్లగిన్ల గురించి చెప్పుకోవలసినదంతా చివరికి ఈ గుత్తి దగ్గరికే వస్తుంది.

కుబెర్నెటిస్ అన్న గ్రీకు మాటకు ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. గోదావరి లాంచీలు ఎక్కినవారికి అతను సరంగుగా తెలుసు. గూగుల్‌లో పుట్టిన ఈ ప్రాజెక్టు 2014 జూన్‌లో బయటి ప్రపంచానికి వచ్చింది, 2015 జూలైలో 1.0 వెర్షన్ విడుదలైంది. ఆ తర్వాత పుట్టిన ఉపకరణాల పేర్లు చాలావరకు ఓడ చుట్టూనే తిరిగాయి. హెల్మ్ అంటే చుక్కాని. ప్లగిన్లను తెచ్చిపెట్టే క్రూ అంటే ఓడ సిబ్బంది, మన కళాసీలు. ఇంగ్లిషు మాటలోని మొదటి అక్షరాన్ని మార్చి కుబెర్నెటిస్‌లోని మొదటి అక్షరాన్ని అక్కడ పెట్టారు, అంతే తేడా.

ఈ లేఖ రెడ్‌మండ్ చిరునామాకు వెళ్లడానికి కారణముంది. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం 1986 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. కుబెర్నెటిస్‌ను మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరైన బ్రెండన్ బర్న్స్ 2016లో గూగుల్ నుంచి మైక్రోసాఫ్ట్‌కు మారారు. హెల్మ్‌కు పుట్టిల్లయిన డీస్ సంస్థను మైక్రోసాఫ్ట్ 2017లో కొన్నది. అదే ఏడాది అక్టోబరులో అజూర్ కుబెర్నెటిస్ సర్వీస్ ప్రయోగాత్మకంగా మొదలై 2018 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. రెండో చిరునామా హైదరాబాద్. మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ అక్కడ 1998లో మొదలైంది. ఒకే క్లస్టర్‌ను పగలు ఒక ఊరు, రాత్రి ఒక ఊరు చూసుకునే పద్ధతి ఏ ఒక్క సంస్థకో పరిమితం కాదు, ఈ రెండు ఊళ్ల మధ్యా అది మామూలే. హైదరాబాద్‌లో పొద్దున ఏడున్నర అయితే వేసవికాలంలో రెడ్‌మండ్‌లో ముందురోజు రాత్రి ఏడు గంటలు. ఒకరు డ్యూటీ దిగే వేళకు ఇంకొకరు ఎక్కుతారు. అప్పగింతల నోట్‌లో రాసిన ఆదేశం ఇక్కడ పనిచేసి అక్కడ పనిచేయకపోతే, లేదా ఇక్కడ ఒక రకంగా అక్కడ మరో రకంగా జవాబిస్తే, తప్పు తరచు క్లస్టర్‌లో ఉండదు. ఇద్దరి ల్యాప్‌టాప్‌లలోని ప్లగిన్లలో ఉంటుంది.

ప్లగిన్లు ఎందుకు అవసరమయ్యాయన్నది మొదటి ప్రశ్న. క్యూబ్‌సీటీఎల్‌లో గెట్, డిస్క్రైబ్, అప్లై, లాగ్స్, ఎగ్జెక్ వంటి ఆదేశాలు పుట్టుకతోనే ఉన్నాయి. అవి అందరికీ కావలసినవి. కొందరికే కావలసినవి వేరే ఉంటాయి. ఒక డిప్లాయ్‌మెంట్ కింద ఏ రెప్లికాసెట్ ఉంది, దాని కింద ఏ పాడ్‌లు ఉన్నాయి అన్నది వంశవృక్షంలా చూడాలని ఒకరికి ఉంటుంది. ఫలానా సీక్రెట్‌ను చదవగలిగేవారు ఎవరెవరో తెలియాలని మరొకరికి ఉంటుంది. ఇవన్నీ అసలు పనిముట్టులోనే చేర్చుకుంటూ పోతే అది మోయలేనంత అవుతుంది, ప్రతి కొత్త ఆలోచనా కుబెర్నెటిస్ విడుదల కోసం నెలల తరబడి ఆగాలి. అందుకే అసలు పనిముట్టును చిన్నదిగా ఉంచి, పక్కన తలుపు తెరిచారు.

ఆ తలుపు ఒక్కసారిగా కుదరలేదు. 1.8 వెర్షన్‌లో వచ్చిన మొదటి ఏర్పాటులో ప్రతి ప్లగిన్‌కూ ఒక వివరాల ఫైలు రాసి నిర్ణీత డైరెక్టరీలో పెట్టాలి. అది అంతగా అతకలేదు. 2018 సెప్టెంబరులో వచ్చిన 1.12 వెర్షన్‌లో దాన్ని పక్కనపెట్టి, గిట్ అనుసరించిన దారినే పట్టారు. 2019 మార్చిలో 1.14తో ఆ పద్ధతి స్థిరపడింది. ఇప్పటికీ నడుస్తున్నది అదే. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాముల కోసం వెతికే డైరెక్టరీల వరుసకు పాత్ అని పేరు. ఆ వరుసలో ఎక్కడైనా ‘క్యూబ్‌సీటీఎల్’ అన్న పేరు, ఒక హైఫన్, ఆ తర్వాత ఏదో ఒక పేరు ఉన్న ఎగ్జిక్యూటబుల్ ఫైలు కనిపిస్తే చాలు, అదే ప్లగిన్. అది గో భాషలో రాసిందా, పైథాన్‌లోనా, నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టా అన్న పట్టింపు లేదు. నమోదు లేదు, అనుమతి లేదు.

పేరులోని హైఫన్లకు అర్థముంది. హైఫన్ ఉన్నచోట ఆదేశంలో ఖాళీ వస్తుంది. అంటే ఫైలు పేరులో ‘ఫూ’కూ ‘బార్’కూ మధ్య హైఫన్ ఉంటే ఆదేశంలో ఆ రెండూ విడివిడి మాటలు. ఆదేశంలోనే హైఫన్ కావాలంటే ఫైలు పేరులో అండర్‌స్కోర్ పెట్టాలి. ఆదేశంలోని మాటలకు సరిపోయే ఫైళ్లు ఒకటికి మించి ఉంటే, ఎక్కువ మాటలు కలిసే పేరున్న ఫైలుకే పని దక్కుతుంది. ఒకే పేరుతో రెండు ఫైళ్లు రెండు డైరెక్టరీల్లో ఉంటే పాత్‌లో ముందున్నది నడుస్తుంది, రెండోది దాని నీడలో ఉండిపోతుంది. క్యూబ్‌సీటీఎల్‌కు పుట్టుకతో వచ్చిన గెట్, డిలీట్ వంటి ఆదేశాల స్థానాన్ని మాత్రం ఏ ప్లగిన్ కూడా ఆక్రమించలేదు. ‘క్యూబ్‌సీటీఎల్ ప్లగిన్ లిస్ట్’ అని అడిగితే పాత్‌లో కనిపించిన ప్లగిన్లన్నిటినీ చూపించి మూడు రకాల హెచ్చరికలు ఇస్తుంది: ఫైలుకు నడిచే అనుమతి లేదని, అదే పేరుతో ముందే ఇంకొకటి ఉందని, పేరు పుట్టుక ఆదేశంతో తగాదా పడుతోందని.

ఈ ఏర్పాటు చేయని పనులు కూడా అంతే ముఖ్యం. ప్లగిన్‌ను ఎక్కడి నుంచి తేవాలో దీనికి తెలియదు. కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పదు. ఫైలు చెడిపోయిందా, ఎవరైనా మార్చారా అని చూడదు. ఒకప్పుడు ఇంజినీర్లు గిట్‌హబ్ పేజీల నుంచి ఫైళ్లను ఒక్కొక్కటిగా దింపుకుని, తోచిన డైరెక్టరీలో పడేసి, మరిచిపోయేవారు. ఆ లోటు తీర్చడానికి 2018లో గూగుల్‌లో క్రూ మొదలైంది. 2019లో దాన్ని కుబెర్నెటిస్ కమాండ్ లైన్ వ్యవహారాలు చూసే సిగ్ సీఎల్ఐ బృందానికి అప్పగించారు. పుట్టింటి గుర్తు మాత్రం చెరిగిపోలేదు. ప్లగిన్ వివరాల ఫైళ్లలో మొదటి వరుసలో ఇప్పటికీ గూగుల్ కంటైనర్ టూల్స్ పేరే కనిపిస్తుంది.

క్రూ కూడా ఒక ప్లగినే. తనను తానే స్థాపించుకుంటుంది, తనను తానే పైవెర్షన్‌కు తెచ్చుకుంటుంది. దానికి గిట్ ఉండాలి. లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటి మీదా నడుస్తుంది. హోం డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ‘క్రూ’ అన్న ఫోల్డరు దాని ఇల్లు. అందులో ‘ఇండెక్స్’లో ప్లగిన్ల జాబితా, ‘స్టోర్’లో దించుకున్న ప్లగిన్లు, ‘రిసీట్స్’లో ఏది ఏ వెర్షన్‌లో పెట్టారో చెప్పే రసీదులు, ‘బిన్’లో నడిచే ఫైళ్లకు లంకెలు ఉంటాయి. ఈ బిన్ డైరెక్టరీని పాత్‌లో చేర్చడం స్థాపనలో ఆఖరి మెట్టు. కొత్తవారు ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే. చేర్చకపోతే ప్లగిన్ డిస్క్‌లో ఉన్నా క్యూబ్‌సీటీఎల్‌కు కనిపించదు.

వాడుక తేలిక. ‘అప్‌డేట్’ జాబితాను తాజా చేస్తుంది. ‘సెర్చ్’ వెతుకుతుంది, ‘ఇన్ఫో’ వివరాలు చెబుతుంది, ‘ఇన్‌స్టాల్’ తెచ్చిపెడుతుంది, ‘లిస్ట్’ ఇప్పటిదాకా తెచ్చినవి చూపుతుంది, ‘అప్‌గ్రేడ్’ వాటిని కొత్త వెర్షన్‌కు మారుస్తుంది, ‘అన్ఇన్‌స్టాల్’ తీసేస్తుంది. జాబితా అనేది నిజానికి క్రూ ఇండెక్స్ పేరున్న గిట్ రిపాజిటరీ. 200కు పైగా ప్లగిన్లున్న ఆ రిపాజిటరీలో ప్రతి ప్లగిన్‌కూ ఒక యామెల్ ఫైలు ఉంటుంది. దాన్ని మానిఫెస్ట్ అంటారు. ప్లగిన్ పేరు, వెర్షన్, చిన్న వివరణ, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఏ ప్రాసెసర్‌కు ఏ ఫైలు దింపాలి, ఆ ఫైలు చిరునామా, దాని షా-256 చెక్‌సమ్ అందులో ఉంటాయి. దిగిన ఫైలు చెక్‌సమ్ మానిఫెస్ట్‌లోని దానితో కలవకపోతే క్రూ స్థాపనను ఆపేస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. చెక్‌సమ్ కలిసిందంటే, మానిఫెస్ట్ రాసినవారు ఏ ఫైలును ఉద్దేశించారో సరిగ్గా అదే ఫైలు చేతికి వచ్చిందని అర్థం. ఆ ఫైలు లోపల ఏముందో చెక్‌సమ్ చెప్పదు. రిజిస్టర్డ్ పార్సిల్ ముద్ర చెదరకుండా వచ్చినంత మాత్రాన లోపలి సరుకు మంచిదని కాదు. ఈ సంగతిని క్రూ దాచిపెట్టదు కూడా. ప్లగిన్ పెట్టిన ప్రతిసారీ, వీటి భద్రతను క్రూ నిర్వాహకులు తనిఖీ చేయలేదని, నడిపేవారిదే బాధ్యత అని తెర మీద హెచ్చరిస్తుంది. రోజూ కనిపించే హెచ్చరిక కొన్నాళ్లకు గోడ మీది పాత క్యాలెండరులా అయిపోతుంది, ఎవరూ చదవరు. క్రూ తెచ్చిపెడుతుంది, పూచీ పడదు. పూచీ ఎవరో ఒకరు తీసుకోవాలి. ఆ ఒకరు బృందమే కావాలన్నది ఈ లేఖ సారం.

పూచీ ఎందుకంత బరువైనదో తెలియాలంటే ప్లగిన్ ఎవరి అధికారంతో నడుస్తుందో చూడాలి. ప్లగిన్‌కు వేరే గుర్తింపు లేదు, వేరే కట్టడి లేదు. నడిపించిన ఇంజినీరు చేయగలిగినదంతా అదీ చేయగలదు. ఆ ఇంజినీరుకు ప్రొడక్షన్ క్లస్టర్‌లో నిర్వాహక హక్కులుంటే ప్లగిన్‌కూ ఉన్నట్టే. మొదట చెప్పుకున్న తాళాల గుత్తి దానికి అందుబాటులోనే ఉంటుంది. క్లస్టర్ సంగతి పక్కన పెట్టినా, ల్యాప్‌టాప్‌లో ఇంజినీరు చదవగలిగే ఏ ఫైలునైనా అది చదవగలదు. కుబెర్నెటిస్ అధికారాల వ్యవస్థ ఫలానా మనిషి ఫలానా పని చేయవచ్చా అని మాత్రమే చూస్తుంది. ఆ పని ఆ మనిషి చేతితో జరిగిందా, అతను నడిపిన ప్లగిన్ తనంతట తాను చేసిందా అన్న తేడా ఏపీఐ సర్వర్‌కు తెలియదు.

ప్లగిన్లన్నిటికీ ఒకే స్థాయి జాగ్రత్త అక్కర్లేదు. వాటిని మూడు తరగతులు చేసి చూడవచ్చు. మొదటి తరగతి ల్యాప్‌టాప్‌లో మాత్రమే మార్పు చేసేవి. ‘సీటీఎక్స్’ ఒక క్లస్టర్ నుంచి మరో క్లస్టర్‌కు, ‘ఎన్ఎస్’ ఒక నేమ్‌స్పేస్ నుంచి మరో దానికి మారుస్తాయి. అవి మార్చేది క్యూబ్‌కాన్ఫిగ్‌నే. నష్టం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, టెస్ట్ అనుకుని ప్రొడక్షన్‌లో ఆదేశం నడిపిన సందర్భాల వెనక సాధారణంగా ఉండేది ఈ మార్పిడే. రెండో తరగతి క్లస్టర్‌ను చదివేవి. వస్తువుల మధ్య యాజమాన్య సంబంధాలను చెట్టులా గీసి చూపే ‘ట్రీ’, అనుమతులను పట్టికగా చూపే ‘యాక్సెస్ మ్యాట్రిక్స్’, ఫలానా పని ఎవరెవరు చేయగలరో చెప్పే ‘హూ క్యాన్’, సీక్రెట్‌లను విప్పి చూపే ‘వ్యూ సీక్రెట్’ ఇలాంటివి. చదవడమే కదా అనుకోవడానికి లేదు, చివరిది చదివేది పాస్‌వర్డ్‌లను. మూడో తరగతి క్లస్టర్‌లో ఏదైనా పెట్టేవి, మార్చేవి. పాడ్‌లోని నెట్‌వర్క్ రాకపోకలను పట్టి చూపే ‘స్నిఫ్’, నోడ్ మీదికి నేరుగా షెల్ తెరిచే ‘నోడ్ షెల్’, కెర్నెల్ స్థాయిలో జరిగేవాటిని ఈబీపీఎఫ్ ద్వారా చూపే ‘గాడ్జెట్’ ఈ కోవలోవి. వీటిలో ఏదీ చెడ్డది కాదు. అర్ధరాత్రి కష్టంలో ఆదుకునేవి ఇవే. అంత శక్తి ఉన్నవి గనకే ఎవరికి వారు తెచ్చుకోదగ్గవి కావు.

మూడో తరగతికి ఇంకో చిక్కుంది. గాడ్జెట్‌ను తయారుచేసిన బెర్లిన్ సంస్థ కిన్‌వోల్క్‌ను మైక్రోసాఫ్ట్ 2021లో కొన్నది, కాబట్టి రెడ్‌మండ్‌కు ఇది పరిచితమే. దానికి రెండు భాగాలు. ల్యాప్‌టాప్‌లో ఉండేది ఒకటి, ‘డిప్లాయ్’ అన్నప్పుడు క్లస్టర్‌లోని నోడ్‌ల మీద కూర్చునేది ఒకటి. క్రూ చూసుకునేది మొదటిదాన్నే. ల్యాప్‌టాప్‌లోది కొత్త వెర్షన్‌కు మారి నోడ్‌ల మీది భాగం పాతదిగా మిగిలితే రెండింటికీ పొసగకపోవచ్చు. ముందుగా ‘అన్‌డిప్లాయ్’ చేయకుండా క్రూతో తీసేస్తే ల్యాప్‌టాప్ శుభ్రమవుతుంది గానీ, ఎక్కువ హక్కులున్న భాగం క్లస్టర్‌లో అలాగే ఉండిపోతుంది. తీసేయడమంటే రెండు చోట్లా తీసేయడం.

ప్లగిన్ అన్న మాట కూడా గందరగోళానికి దారితీస్తుంది. ఇప్పటిదాకా చెప్పినవి క్యూబ్‌సీటీఎల్‌కు కొత్త ఆదేశాలు చేర్చేవి. క్రెడెన్షియల్ ప్లగిన్లు వేరే జాతి. లాగిన్ కావలసి వచ్చినప్పుడు క్యూబ్‌కాన్ఫిగ్‌లో రాసి ఉన్న ప్రోగ్రామును క్యూబ్‌సీటీఎల్ తానే పిలిచి టోకెన్ తీసుకుంటుంది, ఇంజినీరు దాన్ని పేరు పెట్టి పిలవడు. ఒకప్పుడు అజూర్, గూగుల్ క్లౌడ్‌ల లాగిన్ కోడ్ క్యూబ్‌సీటీఎల్ లోపలే ఉండేది. 2022 డిసెంబరులో వచ్చిన 1.26 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. అప్పటి నుంచి అజూర్‌లో ఎంట్రా గుర్తింపుతో నడిచే క్లస్టర్లకు ‘క్యూబ్‌లాగిన్’ అన్న విడి ప్రోగ్రాము కావాలి. అజూర్ కమాండ్ లైన్‌లో ‘ఏకేఎస్ ఇన్‌స్టాల్ సీఎల్ఐ’ అన్న ఆదేశం క్యూబ్‌సీటీఎల్‌తో పాటు దీన్నీ తెచ్చిపెడుతుంది. పాత క్యూబ్‌కాన్ఫిగ్‌ను కొత్త పద్ధతికి మార్చడానికి క్యూబ్‌లాగిన్‌లోనే వేరే ఆదేశం ఉంది.

ఈ క్యూబ్‌లాగిన్ దగ్గర పేరు ఒకటే, మనుషులు ఇద్దరు. అజూర్ వారి క్యూబ్‌లాగిన్ ఒకటి. ఓపెన్ఐడీ కనెక్ట్ ద్వారా ఏ గుర్తింపు సంస్థతోనైనా లాగిన్ చేయించే స్వతంత్ర ప్రాజెక్టు ఇంకొకటి, దాని పేరూ క్యూబ్‌లాగినే. ఈ రెండోది క్రూ ఇండెక్స్‌లో ‘ఓఐడీసీ లాగిన్’ అన్న పేరుతో ఉంటుంది. క్యూబ్‌లాగిన్ పెట్టుకోమని ఒకరు చెబితే, రెండోవారు వేరేది పెట్టుకుని, వచ్చిన ఎర్రర్‌ను క్లస్టర్ మీద తోసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పత్రాల్లో పేరు ఒక్కటే రాస్తే చాలదు, ఎవరిది, ఎక్కడి నుంచి, ఏ వెర్షన్ అన్నది కూడా రాయాలి. క్రూ ఇండెక్స్ కొత్త పేర్లను చేర్చుకునేటప్పుడు స్పష్టత మీద పట్టుబట్టేది, ఒక సంస్థ సేవకు మాత్రమే పనికొచ్చే ప్లగిన్ పేరులో ఆ సంస్థ గుర్తు ఉండాలనేది అందుకే. అజూర్ క్లస్టర్ నోడ్‌ల మీద ఆదేశాలు నడపడానికి, నోడ్ నుంచి ఏపీఐ సర్వర్‌కు దారి ఉందో లేదో చూడడానికి పనికొచ్చే ప్లగిన్‌కు ‘ఏకేఎస్’ అని పేరు పెట్టడం ఆ మర్యాదకు మంచి ఉదాహరణ.

ఇక వెర్షన్ల సంగతి. క్రూ జాబితాలో ప్రతి ప్లగిన్‌కూ ఒకే వెర్షన్ ఉంటుంది, అది తాజాది. ఫలానా పాత వెర్షన్ కావాలని ‘ఇన్‌స్టాల్’కు చెప్పే వీలు లేదు. ఒంటరిగా పనిచేసేవారికి ఇది ఇబ్బంది కాదు. బృందానికి ఇబ్బందే. సోమవారం రెడ్‌మండ్‌లో పెట్టుకున్నవారికి ఒకటి, గురువారం హైదరాబాద్‌లో పెట్టుకున్నవారికి మరొకటి వస్తాయి. ఇద్దరూ ఒకే ఆదేశం కొట్టారు, ఇద్దరి దగ్గరున్నదీ వేరు. దీనికి మూడు దారులున్నాయి. ప్లగిన్ మానిఫెస్ట్‌ను తమ దగ్గర దాచుకుని, ఆ ఫైలునే చూపించి స్థాపించడం మొదటిది. ఒకటి రెండు ప్లగిన్లకు ఇది చాలు. బృందం సొంత ఇండెక్స్ పెట్టుకోవడం రెండోది. 2020లో వచ్చిన 0.4 వెర్షన్ నుంచి క్రూ దీన్ని అనుమతిస్తోంది. ‘ప్లగిన్స్’ అన్న ఫోల్డరులో మానిఫెస్ట్‌లు ఉన్న ఏ గిట్ రిపాజిటరీ అయినా ఇండెక్స్‌గా పనికొస్తుంది. ‘ఇండెక్స్ యాడ్’తో దానికో పేరు ఇచ్చి చేర్చుకుంటే, ఇండెక్స్ పేరు, ఏటవాలు గీత, ప్లగిన్ పేరు అన్న వరుసలో పిలిచి పెట్టుకోవచ్చు. మూడోది అందరికీ ఉండే ఇండెక్స్ చిరునామానే మార్చడం. క్రూ చదివే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో బృందం సొంత రిపాజిటరీ చిరునామా పెడితే ‘ఇన్‌స్టాల్’ అన్న ప్రతిసారీ క్రూ అక్కడికే వెళుతుంది.

బృందానికి రెండో దారి చక్కగా కుదురుతుంది. మానిఫెస్ట్ గిట్‌లో ఉంటుంది కనుక ఏ వెర్షన్ ఎప్పుడు చేరింది, ఎవరు చేర్చారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది చరిత్రగా నిలుస్తుంది. వెర్షన్ మార్చాలంటే పుల్ రిక్వెస్ట్ పెట్టాలి, రెండో మనిషి చూడాలి. దింపవలసిన ఫైలును సంస్థ సొంత నిల్వలో పెట్టి మానిఫెస్ట్‌లో ఆ చిరునామా రాస్తే, బయటి పేజీ మాయమైనా పని ఆగదు. అప్పుడు చెక్‌సమ్‌కు కూడా అసలు విలువ వస్తుంది, ఎందుకంటే అది ఎవరో రాసిన సంఖ్య కాదు, ఆ ఫైలును పరిశీలించిన తర్వాత బృందమే రాసిన సంఖ్య. ఇంత చేసినా ఇంజినీరు తన ఇష్టంతో బయటి ఇండెక్స్ నుంచి ప్లగిన్ తెచ్చుకోగలడు. ఆ దారి మూయడం ఈ పద్ధతి పని కాదు, మంచి దారిని దగ్గరి దారిగా చేయడమే దీని పని.

క్రూ ఒక్కటే మార్గం కాదన్నది మరవరానిది. హోంబ్రూ, విన్‌గెట్, లినక్స్ ప్యాకేజీలు, చేత్తో దింపిన ఫైళ్లు, బృందంలో ఎవరో రాసిన స్క్రిప్టులు అన్నీ పాత్‌లోకి రాగలవు. ‘క్రూ లిస్ట్’ తాను తెచ్చినవే చూపుతుంది. ‘ప్లగిన్ లిస్ట్’ పాత్‌లో ఉన్నవన్నీ చూపుతుంది. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడడం అన్నిటికన్నా చవకైన తనిఖీ, ఐదు నిమిషాల పని. రెండోదాంట్లో ఉండి మొదటిదాంట్లో లేని ప్రతి పేరుకూ ఎక్కడిది, ఎవరు పెట్టారు, ఇంకా కావాలా అన్న మూడు ప్రశ్నలు వేయాలి. జవాబు లేనిది ఉండనక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్‌కు మారేటప్పుడు ‘క్రూ లిస్ట్’ ఇచ్చే పేర్లను ఒక ఫైల్లో దాచుకుని, కొత్త యంత్రంలో ఆ ఫైలునే ‘ఇన్‌స్టాల్’కు అందిస్తే అన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఆ ఫైలును బృందం రిపాజిటరీలో పెడితే కొత్తగా చేరినవారి మొదటిరోజు సగం పని అయిపోయినట్టే. తనంతట తాను నడిచే సీఐ పైప్‌లైన్‌లో మాత్రం పని మొదలైన ప్రతిసారీ తాజా ప్లగిన్ తెప్పించడం కూడదు. కావలసిన వెర్షన్లతో కంటైనర్ ఇమేజ్ ఒకసారి తయారుచేసి దాన్నే వాడుకోవాలి.

చేర్చడంతో పాటు తీసేయడమూ నిర్వహణే. కొన్ని ప్లగిన్ల పనిని కాలక్రమంలో క్యూబ్‌సీటీఎలే నేర్చుకుంది. తానెవరి పేరుతో క్లస్టర్‌లోకి వెళుతున్నదీ తెలుసుకోవడానికి ఒకప్పుడు ప్లగిన్ కావలసి వచ్చేది, 1.28 నుంచి ‘ఆథ్ హూ యామ్ ఐ’ స్థిరమైన ఆదేశం. యామెల్ జవాబులను నింపేసే మేనేజ్డ్ ఫీల్డ్స్‌ను తీసేయడానికి ‘నీట్’ ప్లగిన్ వాడేవారు, 1.21 నుంచి క్యూబ్‌సీటీఎల్ వాటిని అడిగితే తప్ప చూపదు. నోడ్ మీద ఏం జరుగుతోందో చూడడానికి ‘డీబగ్’ ఆదేశం ఉంది. నడుస్తున్న పాడ్‌లోకి తాత్కాలిక కంటైనర్ పంపే సదుపాయం 1.25లో స్థిరపడింది. పుట్టుక ఆదేశంతో జరిగే పనికి బయటి ప్లగిన్ ఉంచుకోవడమంటే అక్కర్లేని మనిషికి ఇంటి తాళం ఇచ్చి ఉంచడమే. క్యూబ్‌సీటీఎల్ వెర్షన్ మారినప్పుడల్లా ప్లగిన్ల జాబితాను ఒకసారి తిరగేయడం మేలు.

రెడ్‌మండ్‌లోనూ హైదరాబాద్‌లోనూ ప్లగిన్లు వాడేవారే కాదు, రాసేవారూ ఉన్నారు. క్యూబ్‌సీటీఎల్ ప్లగిన్‌కు ఆదేశంలోని మిగతా మాటలను ఉన్నవున్నట్టు అందిస్తుంది. నేమ్‌స్పేస్, కాంటెక్స్ట్ వంటి ఫ్లాగ్‌లను అర్థం చేసుకోవడం ప్లగిన్ పని. గో భాషలో రాసేవారికి సీఎల్ఐ రన్‌టైమ్ లైబ్రరీ ఆ భారం మోస్తుంది, దాన్ని ఎలా వాడాలో చూపే నమూనా ప్లగిన్‌ను కుబెర్నెటిస్ ప్రాజెక్టే ఇస్తోంది. క్రూ ఇండెక్స్‌లో చేర్చాలంటే ప్యాకేజీలో లైసెన్స్ ఫైలు ఉండాలి, వెర్షన్ సంఖ్య సెమాంటిక్ వెర్షనింగ్ పద్ధతిలో ఉండాలి. ఆ తర్వాత ప్రతి విడుదలకూ మానిఫెస్ట్ మార్పును పంపే పనిని క్రూ రిలీజ్ బాట్‌కు అప్పగించవచ్చు. లినక్స్‌కు మాత్రమే ఫైలు ఇచ్చి ఊరుకుంటే మ్యాక్, విండోస్ వాడేవారు చేత్తో దింపుకునే పాత అలవాటుకే తిరిగి వెళతారు. ప్లగిన్‌కు కావలసిన కనీస హక్కులేమిటో వివరణలో రాయడం రచయిత చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద ఉపకారం. అది ఉంటే నిర్వాహక హక్కులు ఇవ్వకుండానే దాన్ని వాడుకోవచ్చు.

పైన చెప్పిన వాటిని బట్టి రెండు ఊళ్ల బృందాల బాధ్యులకు ఈ లేఖ చేసే వినతులు ఐదు.

ఒకటి, బృందం వాడే ప్లగిన్లకు ఒకే జాబితా ఉండాలి. పేరు, మూలం, వెర్షన్, తరగతి, చూసుకునే మనిషి అన్న ఐదు గళ్లు చాలు.

రెండు, ఆ జాబితా సొంత ఇండెక్స్‌గా గిట్‌లో ఉండాలి. మార్పు ఏదైనా ఒక ఊళ్లోవారు పెట్టి రెండో ఊళ్లోవారు చూసిన తర్వాతే చేరాలి.

మూడు, క్లస్టర్‌ను మార్చగలిగే ప్లగిన్లను రోజువారీ గుర్తింపుతో కాక, అవసరమైనప్పుడు కొద్దిసేపటికి తీసుకునే హక్కులతోనే నడపాలి.

నాలుగు, అప్పగింతల నోట్‌లో ప్లగిన్ ఆదేశం రాసినప్పుడు దాని వెర్షన్ కూడా రాయాలి, సాధ్యమైనచోట అదే పని చేసే పుట్టుక ఆదేశం పక్కన రాయాలి. ప్లగిన్ లేని యంత్రం ముందు కూర్చున్నవారికి ఆ రెండో వరుసే దిక్కు.

ఐదు, మూడు నెలలకోసారి ప్రతి ఇంజినీరూ తన యంత్రంలోని రెండు జాబితాలను పోల్చి, జవాబు లేనివాటిని తీసేయాలి. మనిషి బృందం మారినప్పుడు, వెళ్లిపోయినప్పుడు అతను క్లస్టర్‌లో దించిన భాగాలు మిగిలి ఉన్నాయేమో చూడాలి.

వీటిలో దేనికీ కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. కావలసిన ఆదేశాలన్నీ క్యూబ్‌సీటీఎల్‌లో, క్రూలో ఇప్పటికే ఉన్నాయి.

ఇట్లు,
క్లస్టర్ నిర్వాహకుల తరఫున ఒక తెలుగు ఇంజినీరు